గులాబీ రిబ్బన్ దగ్గర ఆగండి: ‘యంగ్ గుడ్‌మన్ బ్రౌన్’లో అలిగరీని అర్థం చేసుకోవడం ఎలా

ఇంగ్లిష్ లిటరేచర్ చదువుతున్న మా అన్నయ్య కూతురు ఒకరోజు సాయంత్రం ‘యంగ్ గుడ్‌మన్ బ్రౌన్’ కథ మీద రాసుకున్న నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది. “గైడ్‌లో ఉన్నదంతా రాసేశాను బాబాయ్. అయినా పేజీన్నర దాటట్లేదు. అలిగరీ అంటే ఇంతేనా?” అంది. (కథలోని మనుషులూ వస్తువులూ లోపల మరో భావానికి గుర్తులుగా నిలిచేలా రాయడాన్ని అలిగరీ అంటారు.)

చూస్తే స్కేలు పెట్టి గీతలు గీసి, చక్కగా పట్టిక వేసుకుంది. ఫెయిత్ అంటే విశ్వాసం. అడవి అంటే పాపం. దారిలో కలిసిన పెద్దమనిషి అంటే సైతాను. ఆయన చేతికర్ర అంటే సర్పం. వీటిలో తప్పేమీ లేదు. కానీ ఆ పట్టిక చదివినవాళ్లకి ఈ కథ చదివితే గుండెలో కలిగే దిగులు కలగదు. అసలు ఏం పోగొట్టుకున్నాడు ఈ మనిషి, ఎందుకు పోగొట్టుకున్నాడు అన్న ప్రశ్నే అందులో లేదు. అందుకే పేజీన్నర దగ్గర ఆగిపోయింది.

అమెరికన్ రచయిత నథానియల్ హాథార్న్ రాసిన ఈ కథ 1835లో మొదట పత్రికలో అచ్చయింది, 1846లో ‘మోసెస్ ఫ్రమ్ యాన్ ఓల్డ్ మాన్స్’ అనే సంపుటిలో చేరింది. మీకు సిలబస్‌లో ఈ కథ ఉండి, ‘అలిగరీగా చర్చించండి’ అన్న ప్రశ్న చూసి టెన్షన్ పడుతుంటే, ఆ రోజు మేమిద్దరం కూర్చుని చేసిన పని ఇక్కడ వరుసగా చెబుతాను. ఒక సాయంత్రం కేటాయించండి చాలు.

1. మొదటిసారి పెన్ను పట్టుకోకుండా చదవండి

కథ చిన్నదే, గంటలోపు అయిపోతుంది. పాత రచన కాబట్టి కాపీరైట్ లేదు, పాత పుస్తకాల వెబ్‌సైట్ ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది. గైడ్ మూసేసి, అర్థాలు వెతక్కుండా, ఏం జరిగిందో మాత్రమే చూస్తూ చదవండి. ఆ తర్వాత ఇంట్లో ఎవరికైనా తెలుగులో కథ చెప్పండి. మీరు తడబడిన చోట మీకు సరిగ్గా అర్థం కాలేదని లెక్క, అక్కడికి మళ్లీ వెళ్లండి.

కథ ఇది. అమెరికాలోని సేలం అనే ఊళ్లో, పెళ్లయి మూడు నెలలైన బ్రౌన్ అనే యువకుడు సూర్యాస్తమయం వేళ ఇంటి నుంచి బయల్దేరతాడు. భార్య పేరు ఫెయిత్. ఆమె టోపీకి గులాబీ రంగు రిబ్బన్లు. “ఈ ఒక్క రాత్రికి ఇంట్లోనే ఉండిపో, తెల్లవారాక వెళ్లు” అని బతిమాలుతుంది. వినడు. అడవిలో ఒక పెద్దమనిషి ఇతని కోసం ఎదురుచూస్తుంటాడు. ఆయనతో నడుస్తుంటే, చిన్నప్పుడు తనకు మతపాఠాలు నేర్పిన ముసలమ్మ గుడీ క్లాయ్స్ ఆ దారినే వెళ్తూ కనిపిస్తుంది. చర్చి పెద్ద డీకన్ గూకిన్, పాస్టరు కూడా అటే వెళ్తున్నట్టు గొంతులు వినిపిస్తాయి. ఇక ముందుకు రానని మొండికేసిన బ్రౌన్, పైనుంచి గులాబీ రిబ్బన్ ఒకటి రాలిపడగానే “నా ఫెయిత్ పోయింది!” అని అరిచి, పిచ్చివాడిలా అడవి లోపలికి పరుగెడతాడు. అక్కడ మండుతున్న నాలుగు చెట్ల మధ్య సైతాను సభ. ఊరంతా అక్కడే. కొత్తగా చేర్చుకోవడానికి ముందుకు తెచ్చిన ఇద్దరిలో ఒకడు తాను, రెండోది తన భార్య. “ఫెయిత్, ఆకాశం వైపు చూడు, ఆ దుష్టుణ్ణి ఎదిరించు!” అని కేక వేస్తాడు. మరుక్షణం ఎవరూ లేరు. చల్లటి రాయి, చెంప మీద మంచు చుక్కలు.

తెల్లవారాక ఊళ్లోకి వస్తాడు. ఆ రోజు నుంచి చనిపోయేదాకా ఎవరినీ నమ్మడు.

2. పేర్లు విప్పండి, తొందరపడకండి

ఇప్పుడు పెన్ను తీసుకోండి. ‘గుడ్‌మన్’ అనేది ఆ రోజుల్లో అమెరికా ఈశాన్యాన ఉన్న న్యూ ఇంగ్లండ్‌లో సామాన్య గృహస్థుడి పేరుకు ముందు పెట్టే మాట. ‘గుడీ’ అలాంటి ఇంటి ఇల్లాలికి. కాబట్టి గుడ్‌మన్ బ్రౌన్ అంటే ‘బ్రౌన్ గారు’ అన్నట్టే, పైగా ‘మంచి మనిషి’ అన్న అర్థం ఎలాగూ వినిపిస్తుంది. ఫెయిత్ మామూలుగా ఆడవాళ్లు పెట్టుకునే పేరే, దాని అర్థం విశ్వాసం. అడవిలో పెద్దమనిషి “ఆలస్యం చేశావే” అంటే బ్రౌన్ “ఫెయిత్ కాసేపు ఆపేసింది” అంటాడు. భార్య ఆపింది, విశ్వాసమూ ఆపింది. ఒకే వాక్యంలో రెండూ.

ఇది మనకు కొత్త కాదు. కృష్ణమిశ్రుడి సంస్కృత నాటకం ‘ప్రబోధచంద్రోదయం’ ఉంది కదా, 15వ శతాబ్దంలో నంది మల్లయ, ఘంట సింగయ అనే జంటకవులు దాన్ని తెలుగు కావ్యం చేశారు. అందులో వివేకుడు, మోహుడు రాజులు. శ్రద్ధ కనిపించకుండా పోతే ఆమె కూతురు శాంతి వెతుక్కుంటూ తిరుగుతుంది. శ్రద్ధ అంటే దాదాపు ఫెయిత్ అనే మాటే! ఆ వెతుకులాటలో శాంతికి ‘శ్రద్ధ’ అనే పేరుతోనే ఇంకెవరో ఎదురవుతారు. అమ్మ ఇలా అయిపోయిందా అని ఆమె కుంగిపోతుంది. అప్పుడు పక్కనున్న కరుణ, పేరు ఒకటే అయినంత మాత్రాన ఆమె మీ అమ్మ కాదు, ఈమె తామసి శ్రద్ధ అని చెబుతుంది. శాంతి ఆగి చూస్తుంది, తేరుకుంటుంది.

ఈ సన్నివేశాన్ని గుర్తుపెట్టుకోండి. బ్రౌన్ పక్కన కరుణ లేదు. అతను ఆగి చూడలేదు.

3. పట్టికలో మూడో గడి గీయండి

గైడ్లలో రెండు గడులే ఉంటాయి: కథలో వస్తువు, దాని అర్థం. మీరు మూడోది గీసి, పైన ‘సరిపోనిది’ అని రాయండి. ఆ అర్థం పెట్టి చదివితే కథలో ఎక్కడ అతకట్లేదో అక్కడ రాయాలి. నా దృష్టిలో మీ జవాబుకు కావలసిన సరుకంతా ఈ గడిలోనే ఉంది.

ఫెయిత్‌నే తీసుకోండి. రెండో గడిలో ‘బ్రౌన్ దైవవిశ్వాసం’ అని రాశారు. బాగుంది. కానీ కథ మొదట్లో ఫెయిత్ ఏమంటుంది? ఒంటరి ఆడదానికి ఏవేవో కలలు, ఏవేవో ఆలోచనలు వస్తాయి, ఒక్కోసారి తనను చూసి తనకే భయమేస్తుంది అంటుంది. విశ్వాసం అనే భావానికి భయమెందుకు వేస్తుంది? ఆమె కేవలం గుర్తు కాదు, మనిషి. మూడో గడిలో రాయండి.

ఇంకొకటి. వీధి మలుపు తిరగబోతూ బ్రౌన్ మనసులో అనుకునే మాట చూడండి. ఈ ఒక్క రాత్రి అయిపోనీ, ఆ తర్వాత ఆమె కొంగు పట్టుకుని స్వర్గం దాకా వెళ్తాను అనుకుంటాడు (వాళ్లది కొంగు కాదు, పావడా అంచు, మాట మాత్రం అచ్చం మనదే). అంటే సైతాను ఇంకా కనిపించకముందే, అడవిలో అడుగు పెట్టకముందే, తన ఇష్టంతోనే ఫెయిత్‌ను ఇంట్లో వదిలేశాడు. ‘అడవిలో విశ్వాసం కోల్పోయాడు’ అని గైడ్ చెప్పే మాట ఇక్కడే అతకడం లేదు. ఇదీ మూడో గడిలోకే.

4. ఆ ఊళ్లో ఏం జరిగిందో తెలుసుకోండి

ఈ మెట్టు వదిలేస్తే కథ సగమే అర్థమవుతుంది. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు కూర్చోండి.

కథ ఏ కాలానిదో రచయిత నేరుగా చెప్పడు, కానీ ఆనవాళ్లు వదిలాడు. 17వ శతాబ్దం చివర ఇంగ్లండ్‌ను ఏలిన విలియం రాజు ప్రస్తావన వస్తుంది. గుడీ క్లాయ్స్ మాట్లాడుతూ గుడీ కోరీని ‘ఇంకా ఉరి పడని మంత్రగత్తె’ అంటుంది. ఈ ఇద్దరూ, సభలో కనిపించే మార్తా క్యారియర్ కూడా, నిజంగా సేలం ప్రాంతంలో బతికిన ఆడవాళ్లే. 1692లో మంత్రగత్తెలన్న నింద పడ్డవాళ్లు. మార్తా క్యారియర్‌ను ఆగస్టులో, మార్తా కోరీని సెప్టెంబరులో ఉరి తీశారు. సారా క్లాయ్స్ మాత్రం బతికి బయటపడింది. ఆ ఏడాది మొత్తం 19 మందిని ఉరి తీశారు. మార్తా కోరీ భర్త గైల్స్ కోరీని మీద బండరాళ్లు పేర్చి చంపారు.

వాళ్ల మీద సాక్ష్యం ఏమిటో తెలుసా? “ఫలానా ఆవిడ రూపం రాత్రి నా గదిలోకి వచ్చి నా గొంతు నొక్కింది” అని ఎవరైనా చెబితే కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకుంది. ఆ సమయంలో ఆవిడ ఇంట్లో నిద్రపోతున్నా సరే. దీన్ని స్పెక్ట్రల్ ఎవిడెన్స్ అంటారు. రూపసాక్ష్యం అనుకోండి. అప్పుడే కొందరు మతపెద్దలు అడ్డు చెప్పారు: సైతాను అమాయకుల రూపం కూడా వేసుకోగలడు కదా, మరి రూపం కనిపించినంత మాత్రాన ఆ మనిషిని ఎలా శిక్షిస్తాం? ఆ ఏడాది అక్టోబరులో గవర్నర్ విలియం ఫిప్స్ ఆ కోర్టును రద్దు చేశాడు. చేతబడి చేసిందన్న అనుమానంతో ఒక ఆడమనిషిని ఊరంతా కలిసి హింసించిన వార్తలు మన పేపర్లలో చదివినవాళ్లకి ఇది దూరపు సంగతిలా అనిపించదు.

ఇప్పుడు కథలోకి రండి. అడవిలో కలిసిన పెద్దమనిషి బ్రౌన్ పోలికల్లోనే ఉంటాడు, చూసినవాళ్లు తండ్రీకొడుకులనుకునేలా. గుడీ క్లాయ్స్ ఆయన్ని గుర్తుపట్టి, అచ్చం ఈ బ్రౌన్ తాతగారి రూపంలో వచ్చావే అంటుంది. అంటే సైతాను వేరే మనిషి రూపం వేసుకోగలడని బ్రౌన్ చెవులారా విన్నాడు. మరి ఆ ముసలమ్మ రూపం? డీకన్ గొంతు? సభలో ఫెయిత్ ముఖం? అవి కూడా అలాంటివే కావచ్చన్న ఆలోచన అతనికి ఒక్కసారి కూడా రాదు. 1692లో కోర్టు చేసిన పొరపాటే బ్రౌన్ తన మనసులో చేశాడు, జీవితాంతం అదే తీర్పు మీద నిలబడ్డాడు.

హాథార్న్‌కు ఇది సొంతింటి గొడవ. ఆ విచారణల్లో జడ్జిగా కూర్చున్న జాన్ హాథార్న్ అతని ముత్తాతకు తండ్రి. ఆ జాన్ తండ్రి విలియం, క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లను కొరడాలతో కొట్టించినవాడు. కథలో సైతాను బ్రౌన్‌తో, మీ తాత క్వేకర్ స్త్రీని సేలం వీధుల్లో కొరడాతో కొట్టినప్పుడు సాయం చేసింది నేనే అంటాడు. మూల నివాసుల ఊరు తగలబెట్టడానికి మీ నాన్నకు నిప్పు అందించిందీ నేనే అంటాడు. 1850లో ‘ది స్కార్లెట్ లెటర్’ ముందుమాటలో, తన పూర్వీకుల తరఫున ఆ సిగ్గును తాను మోస్తున్నానని హాథార్న్ స్వయంగా రాసుకున్నాడు. పరీక్షలో ఈ జీవితవివరాలు రెండు వాక్యాలకు మించి రాయకండి. కథకు అతికినంతే రాయాలి.

5. ఒక వస్తువును పట్టుకుని చివరిదాకా వెళ్లండి

అన్ని గుర్తుల గురించీ తలా ఒక వాక్యం రాసే కంటే, ఒక్కదాని గురించి పేజీ రాయడం మేలు. నేనైతే రిబ్బన్ తీసుకోమంటాను.

అది మూడు చోట్ల కనిపిస్తుంది. మొదటిది గుమ్మం దగ్గర: ఫెయిత్ తల బయటికి పెట్టి పిలుస్తుంటే గాలికి ఆడుతున్న రిబ్బన్లు. రెండోది అడవిలో: నల్లటి మబ్బు తల మీదుగా వెళ్లాక గాల్లోంచి ఏదో తేలికగా ఊగుతూ వచ్చి చెట్టుకొమ్మకు చిక్కుకుంటుంది. పట్టుకుని చూస్తే గులాబీ రిబ్బన్. అప్పటిదాకా రానని గట్టిగా నిలబడ్డ మనిషి దాంతో కూలిపోతాడు. ఆమె ముఖం ఇంకా చూడలేదు. చేతిలో ఉన్నది జానెడు గుడ్డముక్క.

మూడోది పొద్దున. వీధిలోకి వచ్చేసరికి ఫెయిత్ తల కనిపిస్తుంది, గులాబీ రిబ్బన్లతో. దారి వైపే ఆత్రంగా చూస్తోంది. భర్త కనబడగానే సంతోషం పట్టలేక గంతులేస్తూ ఎదురొచ్చి, ఊరంతా చూస్తుండగానే దాదాపు ముద్దుపెట్టబోయింది. అతను ఆమె ముఖంలోకి కఠినంగా, దిగులుగా చూసి, పలకరించకుండా ముందుకు వెళ్లిపోయాడు.

ఇక్కడ చదవడం ఆపండి. పుస్తకం పక్కన పెట్టి ఆలోచించండి. రాత్రి రాలిన రిబ్బన్ పొద్దున తల మీదే ఉంది. అయితే రాత్రి అతను పట్టుకున్నది ఏమిటి? మా అమ్మాయి ఈ మాట వినగానే పేజీలు గబగబా వెనక్కి తిప్పి రెండు చోట్లా చదివింది. “అంటే ఫెయిత్ ఎక్కడికీ పోలేదు బాబాయ్. ఎదురొచ్చింది. ఈయనే పక్కకు జరిగాడు” అంది. ఆ రోజు ఆమె నోట్‌బుక్‌లో మూడో గడిలో పడ్డ ఆ వాక్యం మీద తర్వాత నాలుగు పేజీలు రాసింది.

గులాబీ రంగు గురించి ఒక మాట. తెలుపు అమాయకత్వం, ఎరుపు పాపం, రెండూ కలిస్తే గులాబీ అని కొందరు రాస్తారు. రాయవచ్చు. కానీ అది కథ నేరుగా చెప్పిన మాట కాదు. కథ చేతికిచ్చిన ఆధారం రిబ్బన్ పొద్దున తల మీద ఉండటం. గట్టి నేల ఉన్నచోట అడుగు వేయండి.

6. ‘అనిపించింది’ అన్నచోటల్లా గీత గీయండి

రెండోసారి చదివేటప్పుడు రంగు పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. ‘అనిపించింది’, ‘కావచ్చు’, ‘లేదా’, ‘కొందరంటారు’ అన్న మాటలు వచ్చిన ప్రతిచోటా గీత గీయండి. పేజీలు నిండిపోతాయి.

పెద్దమనిషి కర్ర పాములా మెలికలు తిరిగినట్టుంది, మసక వెలుతురులో కంటి భ్రమ అయ్యుండాలి అంటాడు రచయిత. సైతాను సభలో రాతి తొట్టిలో ఉన్నది మంటల వెలుగుకు ఎర్రబడ్డ నీళ్లా, రక్తమా, ద్రవంలా ఉన్న నిప్పా అని మనల్నే అడుగుతాడు. డీకన్, పాస్టరు గుర్రాల మీద వెళ్తున్నప్పుడు వాళ్లు దారి పక్క కొమ్మలను రాసుకుంటూ వెళ్లారట, కానీ ఆకాశం నుంచి పడే సన్నటి వెలుగుకు క్షణమైనా అడ్డు రాలేదట. మనిషి ఒంటికి ఉండాల్సిన అడ్డు లేదు! ఇది నాకు కథ మొత్తంలో ఒళ్లు జలదరించే చోటు. బ్రౌన్ వాళ్లను చూడలేదు, గొంతులు మాత్రమే విన్నాడు.

చివర రచయితే అడుగుతాడు, ఇదంతా అడవిలో నిద్రపోయి కన్న కలా అని. మీరు కావాలనుకుంటే అలాగే అనుకోండి అని వదిలేస్తాడు. ఇక్కడ చాలామంది కలా నిజమా తేల్చడానికి పేజీ ఖర్చు చేస్తారు. మీరు తేల్చకండి. అది కల అయినా, నిజమైనా బ్రౌన్ బతుకు చెడింది. కేక వేసిన తర్వాత ఫెయిత్ తన మాట విని ఆకాశం వైపు చూసిందో లేదో అతనికి తెలియదని కథ స్పష్టంగా చెబుతుంది. ఇంటికొచ్చాక ఒక్క మాట అడగవచ్చు. అడిగినట్టు కథలో ఎక్కడా లేదు. పిల్లలు పుట్టారు, మనవలు పుట్టారు, అర్ధరాత్రి మెలకువ వస్తే పక్కనున్న భార్య నుంచి ముడుచుకుని దూరం జరిగేవాడు. అంతే గానీ అడగలేదు.

అలిగరీ గురించి నేను మీకు చెప్పదలచుకున్నది ఇదే. మనుషులను గుర్తులుగా చదివింది బ్రౌనే. ఒక గుడ్డముక్క చూసి భార్య మొత్తాన్ని తేల్చేశాడు. ‘ఇది అంటే అది’ అని పట్టిక వేసి పుస్తకం మూసేసే విద్యార్థి చేసేది కూడా అదే పని. ఈ కథ అలిగరీ అవునా కాదా అంటే అవును, దానితోపాటు అలిగరీని తొందరపడి చదివితే ఏమవుతుందో చూపించే కథ కూడా.

7. ఎవరినైనా అడిగేటప్పుడు

ఇంకా ఎక్కడో చిక్కుకుపోయారా? మేడంనో సార్‌నో అడగండి, సిగ్గుపడకండి. “అలిగరీ అర్థం కాలేదు సార్” అంటే వాళ్లు మళ్లీ గైడ్‌లోని పట్టికే చెబుతారు, వాళ్ల తప్పు కూడా కాదు. “రిబ్బన్ పొద్దున ఆమె తల మీదే ఉంది కదా సార్, అలాంటప్పుడు బ్రౌన్ విశ్వాసం పోయిందనొచ్చా?” అని అడిగి చూడండి. ఏ పేజీలో ఏ వాక్యమో చూపించండి. కుర్చీ లాగి కూర్చోమంటారు.

8. రాయడం

ముందు తెలుగులో అనుకోండి. పరీక్ష ఇంగ్లిష్‌లోనే రాయాలి, నిజమే, కానీ ఆలోచన మీ భాషలో గట్టిపడితే ఆ తర్వాత ఇంగ్లిష్ వాక్యాలు చిన్నవిగా, తేటగా వస్తాయి.

మొదటి వాక్యం మీ వాదన అయి ఉండాలి. ‘నథానియల్ హాథార్న్ గొప్ప అమెరికన్ రచయిత’ అని మొదలుపెట్టకండి. ఇలా ఉండవచ్చు: “ఈ కథలో ఫెయిత్ బ్రౌన్‌ను వదిలిపోలేదు, రూపాన్ని చూసి మనిషిని తీర్పు తీర్చిన బ్రౌనే ఆమెను వదిలేశాడు.” ఇది నా వాక్యం, మీరు మీ మూడో గడి చూసి మీది రాసుకోండి. మీ వాదన నాదానికి పూర్తి వ్యతిరేకం కావచ్చు. ఊరంతా నిజంగానే లోపల కుళ్లినదని, బ్రౌన్ చూసింది నిజమేనని మీరు అనుకుంటే, ఆ పూర్వీకుల కొరడాలు, తగలబడ్డ ఊరు మీకు మంచి ఆధారాలు. ఆధారం చూపించగలిగినంతవరకు మార్కులకు ఢోకా లేదు.

రెండో పేరాలో పేర్లు, వాటి రెండర్థాలు, త్వరగా ముగించండి. మూడు, నాలుగు పేరాలు రిబ్బన్‌కు. ఐదులో 1692, రూపసాక్ష్యం, తాత రూపంలో వచ్చిన సైతాను. మీకు వ్యతిరేకంగా వచ్చే వాదనకూ ఒక పేరా ఇవ్వండి. అడవిలో ఫెయిత్ నిజంగానే ఉండి ఉంటే? ఉండవచ్చు, కథ కాదనలేదు. అయినా ఆమె ఎదిరించిందో లేదో తెలియకుండానే బ్రౌన్ తీర్పు ఇచ్చాడు కదా అని జవాబు రాయండి.

చివరి పేరాకు సమాధి దగ్గరకు వెళ్లండి. తల నెరిసిన శవంగా బ్రౌన్‌ను మోసుకెళ్తుంటే వెనకాల నడిచినవాళ్లలో ముసలిదైపోయిన ఫెయిత్ ఉంది, పిల్లలు, మనవలు ఉన్నారు, ఊరివాళ్లూ చాలామందే ఉన్నారు. అతని సమాధిరాయి మీద ఆశ కలిగించే పద్యం ఒక్కటీ చెక్కలేదు. ఆ రెండు వివరాలూ పక్కపక్కన రాసి, పెన్ను కింద పెట్టేయండి.